పొరుగున ఉన్న చరిత్ర
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మొన్న చలికాలంలో మన సంఘం తరఫున బడిపిల్లలను బస్సులో విహారయాత్రకు తీసుకుపోయినాము. ఆ యాత్ర గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

తెల్లవారి బద్వేలులో బయలుదేరి మొదట సిద్ధవటం చేరినాము. పెన్న ఒడ్డున కోట. మట్లి రాజులు ఏలిన చోటు, తర్వాత కడప నవాబుల వశమైంది. 1779లో హైదర్ అలీ దండెత్తి వచ్చినప్పుడు నవాబు అబ్దుల్ హలీం ఖాన్ లొంగిపోయింది ఇక్కడనే. 1808 నుంచి 1812 వరకు జిల్లాకు ముఖ్యపట్టణం కూడా ఇదే. ఇదంతా విని ఒక పిల్లవాడు, "ఇంత దగ్గర ఉంటే మాకు ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు?" అని అడిగినాడు. మా దగ్గర జవాబు లేదు. తాజ్‌మహల్ ఎవరు కట్టించినారో వానికి నేర్పినాము గాని, పక్కనున్న కోట సంగతి నేర్పలేదు.

అక్కడినుంచి జమ్మలమడుగు మీదుగా గండికోట పోయినాము. కోట లోపల ఊరుంది. ఆ ఊర్లో పుట్టి పెరిగిన ఒక రైతు పెద్దాయన మాకు దారి చూపినాడు. చదువు తక్కువే. అయినా పెమ్మసాని నాయకులు మొదలుకొని మాధవరాయ ఆలయం, ధాన్యాగారం, జామియా మసీదు దాకా తన ఇంటిని చూపినట్లు చూపినాడు. మీర్ జుమ్లా 1650లో ఈ కోటను గోలకొండ కోసం పట్టినాడనీ, 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికి వచ్చి ఆయనను కలిసినాడనీ మేము పుస్తకం చూసి చెప్పినాము. పిల్లలు మా పుస్తకం వైపు చూడలేదు, ఆ పెద్దాయన వేలు వైపే చూసినారు.

మసీదు ముందర ఆయన మాకంటే ముందే చెప్పులు విడిచినాడు. లోపల గోడ మీద బొగ్గుతో, మేకుతో గీకిన పేర్లు. వాటి నడుమ మన ఊరి పేరు కూడా కనబడింది. మాకు తల కొట్టేసినట్లయింది. ఆయన మాత్రం కోపపడలేదు. "సాయిబూ, గుడిలోనూ ఇట్లనే గీకినారు. ఎవరిదైతేనేం, గీకిన రాయి మళ్ళా నున్నగ కాదు" అన్నాడు. మా పిల్లల్లో ఒకడు చేతిలోని మేకును మెల్లగా జేబులో వేసుకున్నాడు. మేము చూసీ చూడనట్లు ఊరుకున్నాము.

స్పెయిన్ దేశంలో ఉత్తరాన సరగోసా అనే నగరముంది. 11వ శతాబ్దంలో ముస్లిం ఏలికలు అక్కడ అల్‌జఫేరియా అనే మహలు కట్టించినారు. 1118లో నగరం క్రైస్తవ రాజుల చేతికి పోయింది. వాళ్ళూ అందులోనే కాపురమున్నారు. తర్వాత చాలా చెడినా బాగు చేసుకొని, నేడు అందులోనే అరగాన్ శాసనసభ నడుపుకుంటున్నారు. ఆ నగరాలకు పోయినవారికి ఊరి మనిషే వెంట నడిచి అంతా వివరిస్తాడు. అది వాళ్ళకు గౌరవమైన వృత్తి, పొట్టకూడు కూడా.

మన పెద్దాయనకు డెబ్బై దాటినాయి. కొడుకులు పనులకని ఊరు విడిచినారు. ఆయన చెప్పేది రాసుకున్నవారు లేరు. ఆయనతోపాటే అదంతా పోతే నష్టం ఎవరికి?

కావున సంఘానికి మా విన్నపం. వచ్చే ఎండాకాలం సెలవుల్లో ఐదారుగురు యువకులను, ఏ మతంవారైనా సరే, పంపించి ఇట్లాంటి పెద్దల మాటలు రాయించాల. విన్నదాన్ని పుస్తకాలతో సరిచూసుకొని, చూడవచ్చినవారికి చెప్పగలిగేటట్లు తయారుచేయాల. దారి ఖర్చులకు మా వంతు మేమిస్తాము. మరుసటి ఏడు కర్నూలులో అబ్దుల్ వహాబ్ సమాధి, కొండారెడ్డి బురుజు చూపుదాము.

మేకు జేబులో వేసుకున్న ఆ పిల్లవాడే రేపు చేయెత్తి చూపేవాడు కావాలని మా దువా. సెలవు. ఖుదా హాఫిజ్.