కట్టడానికి నక్షత్రాలు, కొట్టుకు ఖర్చులు

(అధ్యక్షోపన్యాసం)

 

సరిహద్దు తెలుగువారు కలిసినప్పుడల్లా మాటలు బడి, భాష, ఉద్యోగాల చుట్టూ తిరుగుతాయి. తిరగాలి కూడా. తరువాతి సమావేశాల్లో వాటికి చాలినంత సమయం ఉంది. కట్టడాల పనిలో బతికినవాణ్ణి కనుక నేను ఈ పూట ఒక కాగితం గురించి మాట్లాడతాను. అది కట్టడాల ఇంధన పనితీరు ధ్రువపత్రం. దాని నిబంధనలు మారితే గోదావరి ఒడ్డున మన సిరొంచ బజారులో కొట్టు, లాడ్జి, ఫంక్షన్ హాలు నడుపుకునేవారి మీద ఎంత బరువు పడుతుందో ముందుగా ఎవరు లెక్కవేయాలి, ఎలా వేయాలి అన్నదే నా ప్రశ్న.

ఈ గడ్డ 1860లో నిజాం ఏలుబడి నుంచి ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1960లో మహారాష్ట్రలో భాగమైంది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. పాలన మారిన ప్రతిసారీ మన గుమ్మంలోకి కొత్త కాగితం వచ్చింది, దాన్ని చదివిపెట్టే మధ్యవర్తి వచ్చాడు. ఈసారైనా కాగితం రాకముందే మనం మాట్లాడుకోవాలి.

ఫ్రిజ్ మీద, ఏసీ మీద నక్షత్రాల చీటీ మనందరికీ తెలుసు. ఇంధన సామర్థ్య బ్యూరో ఆ పథకాన్ని 2006లో మొదలుపెట్టింది. 2022 జూలైలో ఏసీల కొలమానం బిగించారు. అంతకుముందు 5 నక్షత్రాలున్న యంత్రం అప్పటి నుంచి 4 నక్షత్రాలదైంది. యంత్రంలో ఒక్క మర కూడా మారలేదు. డీలరుకు పాత సరుకు అమ్ముకునే దారి ఉంటుంది, ధర తగ్గిస్తాడు, గోదాము ఖాళీ చేస్తాడు. అదే బిగింపు భవనాల మీద జరిగితే యజమాని ఏం చేయాలి? ధ్రువపత్రాల సంస్కరణలో వ్యాపారానికి తగిలే అసలు దెబ్బ ఇక్కడుంది. కట్టడం అక్కడే ఉంటుంది, కొలిచే పద్ధతి మారుతుంది, దాంతో అద్దె, అప్పు, అమ్మకం ధర అన్నీ కదులుతాయి.

ఐరోపాలో ఇది అనుభవంలోకి వచ్చిన సంగతి. అక్కడి భవనాల ఇంధన ఆదేశం 2002 నాటిది. బ్రిటన్ 2007 నుంచి ధ్రువపత్రాలు ఇస్తోంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2018 ఏప్రిల్ నుంచి ‘ఈ’ (E) అక్షరం కంటే తక్కువ శ్రేణి భవనాన్ని, మినహాయింపు ఉంటే తప్ప, కొత్తగా అద్దెకివ్వకూడదన్నారు. 2023 ఏప్రిల్ నుంచి నడుస్తున్న వాణిజ్య అద్దెలకూ దాన్ని వర్తింపజేశారు. చీటీ మీది ఒక్క అక్షరం దుకాణం యజమాని ఆదాయాన్ని నిర్ణయించే స్థితి వచ్చింది. స్కాట్లాండ్‌లో ఇలాంటి నిబంధనలతో పాటు వ్యాపారాల మీద వాటి ప్రభావాన్ని లెక్కగట్టిన పత్రాన్ని ప్రభుత్వం ప్రచురించే ఆనవాయితీ ఉంది. చిన్న సంస్థలకు ఎంత ఖర్చవుతుందని అందులో విడిగా అడుగుతారు. ఆ ప్రశ్న మనకూ కావాలి.

మన దేశంలో ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. వాణిజ్య భవనాల నియమావళి 2007లో వచ్చి, 2017లో సవరణ పొందింది. ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత 2018లో వచ్చింది. వాణిజ్య భవనానికి 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు, లేదా 120 కేవీఏ కాంట్రాక్టు డిమాండు ఉంటేనే నియమావళి తగులుతుంది. సిరొంచలో ఆ గీత దాటే కట్టడాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందువల్ల మనకెందుకీ గొడవ అనిపిస్తుంది. అయితే 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2022 సవరణ చట్టం ఆ గీతను కిందికి దించే అధికారం రాష్ట్రాలకిచ్చింది, నివాస భవనాలనూ పరిధిలోకి తెచ్చింది. గీత దిగితే మొదట తగిలేది మన ఫంక్షన్ హాళ్లకు, లాడ్జీలకు, ప్రైవేటు ఆసుపత్రులకు.

లెక్క ఎలా తప్పుదారి పడుతుందో చెప్పడానికి ఒక లాడ్జిని ఊహించుకుందాం. విస్తీర్ణం 300 చదరపు మీటర్లు, పైన మామూలు స్లాబు, గదికో కూలరు. ఏడాదికి 18,000 యూనిట్లు కాలింది. చదరపు మీటరుకు 60 యూనిట్లు. దీన్నే ఇంధన పనితీరు సూచిక అంటారు, తక్కువైతే మంచిదని అర్థం. పక్క వీధిలో అదే మేస్త్రీ అదే కొలతల్లో కట్టిన మరో లాడ్జి. దాని యజమాని అప్పు చేసి ఏసీలు పెట్టాడు. 36,000 యూనిట్లు కాలింది, సూచిక 120. మీటరు ప్రకారం మొదటిది రెండింతలు మేలైన కట్టడం. నిజానికి రెండు స్లాబులూ మే నెల ఎండకు ఒకేలా కాలుతున్నాయి, రాత్రి పదింటికి కూడా కప్పు మీద చేయి పెట్టలేం. మొదటి లాడ్జిలో కరెంటు పోయిన గంటలు, లో వోల్టేజీకి తిరగని కూలర్లు, నిద్ర పట్టక ఆరుబయట పడుకున్న బాటసారులు, ఇవన్నీ సూచికలో పొదుపుగా నమోదయ్యాయి. ఏసీ ఉన్న, లేని ఆఫీసులను ఒకే గాటన కట్టకూడదని బ్యూరో గుర్తించింది. ఏసీ విస్తీర్ణం సగానికి పైన ఉన్నవాటికి, సగం లోపు ఉన్నవాటికి వేర్వేరు పట్టికలిచ్చింది. అది మంచి పని. కానీ కరెంటే సరిగా అందని ఊళ్ల గురించి పట్టికలో గడి లేదు.

మీటరును వదిలి కట్టడాన్నే లెక్కగడితే న్యాయం జరుగుతుందని కొందరి వాదన. నేనూ ఆ పక్షమే, ఒక షరతుతో. ఎకో నివాస్ సంహిత ప్రకారం ఇంటి కప్పు నుంచి లోపలికి దిగే వేడి, ఒక డిగ్రీ తేడాకు, చదరపు మీటరుకు 1.2 వాట్లు దాటకూడదు. పైన ఏ పొరా లేని కాంక్రీటు స్లాబు దానికి రెండు మూడింతల వేడిని లోపలికి వదులుతుంది. దీన్ని తగ్గించడానికి నగరం నుంచి వచ్చే ఇన్సులేషన్ పలకలు పరచవచ్చు. వేసవి ముందు స్లాబు మీద చిక్కగా రెండు పూతల సున్నం వేయించినా గదిలో తేడా తెలుస్తుంది. సున్నం ఎండను వెనక్కి కొడుతుంది. అయితే ఆ 1.2 అంకెలో తెలుపుకు విలువ లేదు, అది వేడి ప్రసారాన్నే కొలుస్తుంది. వాణిజ్య భవనాల నియమావళి పరావర్తనాన్ని లెక్కలోకి తీసుకుంది, ఇళ్ల సంహితలోని కప్పు పరిమితి తీసుకోలేదు. ఏ అంకెను ఎంచుకుంటారన్నదాన్ని బట్టి డబ్బు సున్నం కొట్టుకు, మన కూలీకి వెళ్తుందా, పలకల కంపెనీకి వెళ్తుందా అన్నది తేలిపోతుంది. ప్రభావ అంచనాలో మొదటి పేజీలో రాయవలసిన మాట ఇది. ఇటుక సంగతీ అంతే. ఫ్యాక్టరీ బ్లాకుకు ప్రయోగశాల కాగితం వెంట వస్తుంది. మన బట్టీ ఇటుకకు కాగితం ఉండదు గనుక అనుబంధంలోని సాధారణ విలువే దిక్కు. బట్టీవాడు ఎంత బాగా కాల్చినా ఆ విలువ మారదు.

ఇక నది సంగతి. గోదావరి అవతల తెలంగాణ 2014లోనే వాణిజ్య భవనాల నియమావళిని తప్పనిసరి చేసింది. 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది, 2028 దాకా దాని గడువు. ఇవతల మహారాష్ట్రకు తన నిబంధనలు, తన విద్యుత్ సంస్థ, తన ఇంధన అభివృద్ధి సంస్థ ఉన్నాయి. ఎండకు మాత్రం హద్దు లేదు. ఉదయం అవతలి కాళేశ్వరంలో స్లాబు పోసిన మేస్త్రీ సాయంత్రం సిరొంచలో గోడ కట్టగలడు. అటు పనికొచ్చిన అతని అనుభవం ఇటు లెక్కకు రాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. రెండు రాష్ట్రాల సంస్థలు కలిసి నది ఒడ్డు తాలూకాల వరకైనా మేస్త్రీలకు ఒకే శిక్షణ, ఒకే గుర్తింపు ఇస్తే, ధ్రువపత్రం ఖర్చులో పెద్ద భాగం ఇక్కడి కుటుంబాలకే కూలిగా తిరిగి వస్తుంది. లేకుంటే కట్టడాన్ని కొలిచి ధ్రువపత్రం ఇచ్చే పరిశీలకుడు నాగపూర్ నుంచో హైదరాబాద్ నుంచో రావాలి. జిల్లా కేంద్రమే మనకు దాదాపు 200 కిలోమీటర్ల దూరం. కట్టడం పెద్దదైనా చిన్నదైనా అతని రానుపోను ఖర్చు ఒక్కటే. నగరంలో పది అంతస్తుల ఆఫీసుకు అది కనిపించదు, మన పన్నెండు గదుల లాడ్జికి మాత్రం నెల లాభం అందులో పోవచ్చు.

అద్దె కొట్టు పెట్టుకున్నవారి బాధ వేరు. కప్పు బాగుచేయించవలసింది యజమాని, కరెంటు బిల్లు కట్టేది కిరాయిదారు. ఒకరి ఖర్చు మరొకరికి లాభం గనుక ఇద్దరూ ఊరుకుంటారు. ధ్రువపత్రం ఉంటే కిరాయిదారు బేరం ఆడగలడు, అందుకే నేను దీనికి వ్యతిరేకిని కాను. బాగా వస్తే ఇది చిన్న వ్యాపారి చేతికి ఆయుధమే. కానీ మొదలు చిన్నవారితో పెట్టకూడదు. బ్రిటన్ 2008లో ముందుగా పెద్ద ప్రభుత్వ భవనాలే తమ పత్రాన్ని గోడకు తగిలించాలంది, విస్తీర్ణం గీతను తరువాత మెల్లగా దించింది. మన దగ్గరా ఆశ్రమ పాఠశాల, గ్రామీణ ఆసుపత్రి, తహసీలు కార్యాలయం ముందు నడవాలి. రేకుల కప్పు కింద వేసవిలో పిల్లలు పడే అవస్థ తగ్గుతుంది, మేస్త్రీలకు పని నేర్చుకునే చోటు దొరుకుతుంది, ఇక్కడి ఎండకు ఏ మరమ్మతుకు ఎంతవుతుందో నిజమైన లెక్క చేతికొస్తుంది. ఆ లెక్క చేతికొచ్చాకే బజారు వైపు చూడాలి.

చట్టాలు చేసేముందు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని, బాధితుల జీవనోపాధి మీద ప్రభావం అందులో చెప్పాలని కేంద్ర ప్రభుత్వం 2014లో నిర్ణయించింది. ఆ ముసాయిదా ఇంగ్లిషులో వెబ్‌సైటులో పడితే ఇక్కడి బట్టీ యజమానికి 30 రోజులైనా 300 రోజులైనా ఒకటే. రాజ్యాంగం 350వ అధికరణ దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నవించుకునే హక్కు మనకిచ్చింది. ఆ హక్కును బడుల విషయంలో వాడాం, వ్యాపార నిబంధనల విషయంలోనూ వాడుదాం.

మధ్యాహ్నం తీర్మానాల ముసాయిదా మీ ముందుకు వస్తుంది. అందులో ఈ అంశాన్నీ చేర్చాలని అధ్యక్షుడిగా కోరుతున్నాను. భవనాల లోడు గీతను రాష్ట్రం దించదలిస్తే, ముందుగా సిరొంచ తాలూకాలో తెలుగు, మరాఠీ, మాడియా భాషల్లో బహిరంగ విచారణ జరపాలి. లాడ్జి యజమానులు, కిరాయిదారులు, బట్టీవారు, మేస్త్రీలు చెప్పిన ఖర్చులను అంచనా పత్రంలో విడిగా చూపాలి. కరెంటు అందని గంటలను పొదుపు కింద రాయకూడదు. సభ ఆమోదిస్తే ఆ ప్రతిని పుణెలోని మహారాష్ట్ర ఇంధన అభివృద్ధి సంస్థకు, దాని నకలును హైదరాబాద్‌లోని తెలంగాణ సంస్థకు ఈ వారంలోనే పంపిద్దాం. విన్నపం రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీ ఊళ్ల కట్టడాల కొలతలు, ఒక ఏడాది కరెంటు బిల్లులు మీరు తెచ్చివ్వాలి.