నేరకథ ఎవరి గొంతుతో చెప్తున్నాం?

(నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీలపై జరిగిన నేరాల గురించి మేం కొందరం కలిసి చేస్తున్న పాడ్‌కాస్ట్‌ని మీలో చాలామంది ఫోన్లలో విన్నారు. విన్నవాళ్ళు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలు నా ముందున్నాయి. "ఇదంతా ఎట్లా తయారు చేస్తారు?" అన్నదే వాటన్నిటి సారాంశం. మైకు గురించి, కంప్యూటరు గురించి చెప్పడం తేలిక. ఏం చెప్పాలి, ఏం వదిలెయ్యాలి, ఎవరి మాట నమ్మాలి అన్న నిర్ణయాలే అసలు తయారీ. వాటి గురించే మాట్లాడతాను.

మొదటి చీటీ: "ఇన్ని వివరాలు మీకెక్కడివి?"

ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు, కోర్టు తీర్పు, పత్రికల వార్తలు మా ముడిసరుకు. ఇందులో మొదటి రెండూ స్టేషన్‌లో రాసినవి. సాక్షి చెప్పినదాన్ని పోలీసులు తమ భాషలో రాసుకుంటారు, దాని కింద సాక్షి సంతకం ఉండదు. ఏళ్ళ తరబడి దెబ్బలు తిని చనిపోయిన మనిషి ఆ కాగితాల్లో "కుటుంబ కలహాలు" అనే రెండు మాటలుగా మిగిలిపోవచ్చు. బాధితుల వెంట స్టేషన్ల చుట్టూ తిరిగే మీకు ఇది నాకన్నా బాగా తెలుసు. ఆ కాగితాన్నే మంచి గొంతుతో చదివేస్తే అది నిజకథ అయిపోదు, పోలీసు కథ అవుతుంది. అందుకే తీర్పు పూర్తిగా చదువుతాం, ఎవరి సాక్ష్యం నిలబడింది, ఎవరిది వీగిపోయింది అని చూస్తాం. ఆ తర్వాత ఊరికి పోతాం.

పాత నల్గొండ జిల్లాలోని హాజీపూర్ సంగతే చూడండి. 2019 ఏప్రిల్‌లో పాడుబడ్డ బావిలో ఒక బాలిక శవం దొరికింది. వెతికితే మరో ఇద్దరి అవశేషాలు బయటపడ్డాయి. వాళ్ళలో ఒక పిల్ల 2015లో కనిపించకుండా పోయింది. 2020 ఫిబ్రవరి 6న నల్గొండలోని పోక్సో ప్రత్యేక కోర్టు నిందితుడికి ఉరిశిక్ష వేసింది. మామూలు నేరకథ అతని చుట్టూ తిరుగుతుంది, అతని మనసులో ఏముందో తవ్వుతుంది. 2015 నుంచి 2019 దాకా గడిచిన నాలుగేళ్ళు అందులో ఒక్క వాక్యం. నా దృష్టిలో ఆ నాలుగేళ్ళే కథ. ఒక పేదింటి ఆడపిల్ల కనిపించకపోతే ఎవరు, ఎంత వెతికారు? బస్సు దిగిన పిల్ల ఎవరి బండీ ఎక్కనక్కర లేకుండా ఇల్లు చేరే దారి ఉందా? ఈ ప్రశ్నలు ఛార్జిషీటులో ఉండవు.

రెండో చీటీ: "పేర్లెందుకు చెప్పరు? భయమా?"

భయం కాదు. లైంగిక హింసకు గురైన స్త్రీ పేరు బయటపెట్టడం నేరం. చనిపోయిన వాళ్ళకు కూడా ఇది వర్తిస్తుందని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ఏడాది తిరగకముందే, శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని చంపినప్పుడు ఆమె పేరు, ఫోటో దేశమంతా తిరిగాయి. పోలీసులు "దిశ" అని పిలవమని చెప్పింది ఆ తర్వాతే.

మూడో చీటీలో కోపముంది: "దిశ కేసులో ఎన్‌కౌంటర్‌తో న్యాయం జరిగింది. మీరు అక్కడ ఎందుకు ఆపలేదు?"

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురిని కాల్చి చంపారు. వాళ్ళది మక్తల్ మండలం, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలని అది చెప్పింది.

మీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఆ కేసులో నిందితుల మీద విచారణ జరగలేదు, తీర్పు లేదు. ఆ రాత్రి ఏం జరిగిందో కళ్ళకు కట్టినట్టు ఎవరు చెప్పినా, అది ఏ కోర్టులోనూ పరీక్షకు నిలబడని కథే. చక్కటి ముగింపు కావాలన్న వినేవాళ్ళ ఆత్రం, తుపాకీ తొందర ఒకదానికొకటి ఎంత దగ్గరో నాకు అక్కడే తెలిసొచ్చింది.

నాలుగో చీటీ: "ఇంటివాళ్ళని అడుగుతారా?"

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, కులం దాటి పెళ్ళి చేసుకున్నందుకు ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి ముందు, గర్భవతి అయిన భార్య కళ్ళెదుట నరికి చంపారు. సీసీ కెమెరా దృశ్యాన్ని టీవీలు పదేపదే చూపించాయి. 2020లో దాని మీద సినిమా తీస్తుంటే, ఆపమని ఆమె నల్గొండ కోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. పేర్లు వాడకూడదన్న షరతుతో హైకోర్టు చివరికి సినిమాను అనుమతించింది. హత్య కేసులో తీర్పు మాత్రం 2025 మార్చి 10న గానీ రాలేదు. సినిమాకు పట్టిన కాలం నెలలు, న్యాయానికి ఆరున్నరేళ్ళు.

అమెరికాలోనూ అంతే. 1999లో బాల్టిమోర్‌లో జరిగిన ఒక విద్యార్థిని హత్య మీద 2014లో "సీరియల్" అనే పాడ్‌కాస్ట్ వచ్చి ప్రపంచమంతా మోగింది. 2022లో కోర్టు ఆ కేసులో శిక్షను రద్దు చేసింది. ఆ విచారణ గురించి హతురాలి కుటుంబానికి సరిగా తెలియజేయలేదని 2023లో పై కోర్టు తప్పుపట్టి, శిక్షను పునరుద్ధరించింది. లోకమంతా విన్న కథలో ఆ ఇంటివాళ్ళకే కబురు సరిగా అందలేదు.

మేమూ తప్పు చేశాం. ఒక ఊళ్ళో ఒక తల్లి ముందు రికార్డరు పెట్టి మొదటి నుంచి చెప్పమన్నాం. "ఎన్నిసార్లు చెప్పాలె బిడ్డా? చెప్పినప్పుడల్లా నా బిడ్డ మల్ల సచ్చినట్టే అయితది" అంది. రికార్డరు ఆపేశాం. ఆ భాగం బయటికి రాలేదు. అప్పటి నుంచి ముందుగా అడుగుతాం, వద్దంటే వచ్చేస్తాం, తయారయ్యాక వాళ్ళకే ముందు వినిపిస్తాం.

ఈ నేలమీద టేపు రికార్డరుతో స్త్రీల మాట వినడం కొత్త కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు తమ నోటితో చెప్పుకున్నదే. ఇప్పుడు రికార్డరు మీ అందరి ఫోన్లలోనూ ఉంది. చావు ఎట్లా జరిగిందని అడిగే ముందు, ఆ మనిషి ఎట్లా బతికిందని అడగండి. ఆమె స్టేషన్‌కి ఎన్నిసార్లు పోయింది, ఎవరు తిప్పి పంపారు, ఏ తేదీన? అది రాసి పెట్టుకోండి. చచ్చిపోయాక కథ చెప్పడానికి మేం చాలామందిమి ఉన్నాం. బతికుండగా వినేవాళ్ళు మీరే.