పని అందరి పిల్లలకీ, చదువు తగ్గకుండా



హైస్కూలు పిల్లలకు వృత్తి విద్య గురించి మాట్లాడమన్నారు. మేము ఎనిమిదో తరగతితో బడి మానినవాళ్ళం, తప్పులుంటే మన్నించండి.

ఈ మాట ఎత్తగానే మనవాళ్ళు భయపడతారు. మొన్న ఒక తల్లి సంఘం ఆఫీసుకొచ్చి, "అన్నా, నా కొడుకుని మళ్ళీ గుంటమగ్గంలో దించుతారా?" అనడిగింది. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. 1953లో రాజాజీగారి ప్రభుత్వం పల్లెటూరి బడి పిల్లలకు రోజుకు మూడు గంటలే చదువు, మిగతా వేళ తల్లిదండ్రుల పని నేర్చుకోవాలని పథకం తెచ్చింది. ఇది కులవిద్య అని జనం ఎదురు తిరిగారు. 1954లో కామరాజుగారు ముఖ్యమంత్రి అయ్యాక తీసేశారు. తీసేసిందే మంచిదయింది. నేతవాని బిడ్డ నేతే నేయాలని ఎవరూ రాసిపెట్టకూడదు.

అలాగని పని నేర్పడమే వద్దంటే ఎలా? మన కాలడిపేట 300 ఏళ్ళ కింద గవర్నరు కాలెట్ దొర నేతవాళ్ళ కోసం కట్టించిన పేట. 1950ల నుండి బుల్లెట్ మోటారు సైకిళ్ళు తయారైన ఊరు మన తిరువొత్తియూరు. ఇన్ని పనుల మధ్య పెరిగి పది పాసైన పిల్లవాడికి ఇంట్లో ఫ్యూజు వేయడం రాదు.

తమిళనాడులో ప్లస్ టూ వృత్తి విద్య 1978 నుండే ఉంది. కాని మార్కులు తక్కువొచ్చిన వాళ్ళకే అది అనే మాట మన వీధుల్లో పోలేదు. పోవాలంటే తొమ్మిది, పది తరగతుల్లోనే ఆడా మగా అందరి పిల్లలకీ నాలుగైదు పనులు చూపించాలి. కరెంటు, కుట్టు, కంప్యూటరు, రోగుల సేవ, మగ్గం.

లెక్కలు, సైన్సు మాత్రం తగ్గించకూడదు. సేలంలోనో వెంకటగిరిలోనో చేనేత డిప్లొమాకు చేరాలన్నా పది పాసవ్వాలి. 40 నంబరు నూలంటే పౌనుకు 840 గజాల చిలపలు 40. ఆ లెక్క మేము పెద్దవాళ్ళ తిట్లు తిని ఏళ్ళ తరబడి నేర్చుకున్నాం. బడిలో అయితే ఒక పూటలో వచ్చేది.

మా వంతు ఒక మాట ఇస్తున్నాం. ఏ హైస్కూలు అడిగినా శనివారాలు మా మగ్గాలు పిల్లలకు చూపిస్తాం. నేర్పే నేతన్నకు ఆ పూట కూలి సంఘమే ఇస్తుంది. హెడ్మాస్టర్లతో మాట్లాడే పని సమాఖ్య పెద్దలు చేసిపెట్టాలి.

ఆ తల్లికీ ఇదే చెప్పాం. "నీ కొడుకే మగ్గంలో దిగాలని కాదమ్మా, డాక్టరుగారి బిడ్డ కూడా ఒకరోజు దిగి చూడాలని."

సెలవు.