రీలునకుఁ గ్రొత్త త్రాడు చుట్టు విధానము
(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



కార్యవర్గమువారు మమ్ము విద్యను గూర్చి ప్రసంగింపుమని కోరిరి. ముప్పదియేండ్లు బడిలో శబ్దములను, ధాతువులను వల్లె వేయించినవారము గావున, విద్య యనఁగా పుస్తకమే యని మేమందుమని వారు తలఁచి యుందురు. కాని మనవారి విద్యలో నధికభాగము నీటిపై నున్నది. అందొక చిన్న యంశమును, అనఁగా గాలపురీలునకుఁ గ్రొత్త త్రాడు చుట్టుటను, నేఁడు విన్నవింతుము. ఇది సభాగౌరవమునకుఁ దగదని యెవరైన ననుకొందురేమో! పండ్రెండవ శతాబ్దమునఁ గల్యాణి చాళుక్యప్రభువైన మూఁడవ సోమేశ్వరుఁడు తన మానసోల్లాసమున మత్స్యవినోదమను పేర గాలపువేఁటకొక ప్రకరణమునే కేటాయించెను. రాజునకుఁ దగినది మనకుఁ దగకపోదు.

మన తీరమునఁ బెద్ద సూరచేఁపల వేఁటకుఁ జేతిత్రాడే ప్రధానము. అయినను యువకులు కొందఱు రీళ్లు కొనుచున్నారు. మా పూర్వశిష్యుఁడొకఁడు వేల రూపాయలు పోసి రీలును, అల్లికత్రాడును గొనెను. అంగడివారు యంత్రముతో రెండు నిమిషములలోఁ జుట్టి యిచ్చిరి. చుట్టు వదులు. సముద్రమునఁ బెద్ద సూర పట్టినప్పుడు పైత్రాడు క్రిందిచుట్లలోనికిఁ గత్తివలె దిగి చిక్కుకొనెను. రీలు త్రాడు వదలలేదు. చేఁప తెంపుకొని పోయెను. అంతకుముందే యా త్రాటిని జేతితో విడఁదీయఁబోయిన వాని చూపుడువ్రేలు లోఁతుగాఁ దెగెను. ఆ వ్రేలు నేఁటికిని సరిగా వంగదు. రీలుతో వచ్చిన కాగితమున విధి యంతయు వ్రాసియే యున్నదఁట. కాని తెలుఁగున లేదు. మే మీ విషయమును జేపట్టుటకుఁ గారణమిదియే.

రీళ్లు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిదానిలోఁ గండెయే తిరుగును. దీనికిఁ జుట్టుట సులభము. అంగడికండె నడుమ నొక పుల్ల దూర్చి యొకరు పట్టుకొనవలెను. కండె దొర్లుచుండఁగా, పైనుండి వచ్చు త్రాడు రీలుపైఁ గూడఁ బైనుండియే పోవలెను. త్రాడు కండెకు నలవడిన వంపు అప్పుడు మాఱదు. త్రాటిని అటునిటు నడపు కొక్కెము లేని రీలైనచో బొటనవ్రేలితో సమముగాఁ బఱపవలెను.

రెండవ తెగలోఁ గండె కదలదు. దాని చుట్టును దీఁగెపిడి తిరుగుచుఁ ద్రాటిని జుట్టును. వస్త్రపరిశ్రమకుఁ జెందిన ఇల్లింగువర్తను నాంగ్లేయుఁడు 1905వ సంవత్సరమున దీనికి హక్కుపత్రము పొందెను. నేఁతవారి కండెకొననుండి నూలు జాఱుటను జూచినవారికి ఆయన యుక్తి సులభముగా బోధపడును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. కండె తిరుగదు గావున ఒక్కొక్క చుట్టునకు త్రాటికొక్కొక్క పురి యెక్కును. అంగడికండెను నేలపైఁ బండఁబెట్టి త్రాటిని దాని ముఖమునుండి లాగినను ఒక్కొక్క పురి యెక్కును. ఈ రెండు పురులు పరస్పరవిరుద్ధములైనచో నొకటి రెండవదానిని హరించును, ఏకముఖములైనచో రెట్టింపగును. ఏది యెట్లున్నదో యూహింపఁ బనిలేదు. ఇరువది చుట్లు చుట్టి, త్రాటిని వదులు చేసి చూడవలెను. అది మెలికలు పడి ముడుచుకొన్నచోఁ గండెను బోర్లింపవలెను. కొందఱు కండెను నీళ్ల బకెట్టులో వైచి చుట్టుదురు. త్రాడు తడియుట మేలే కాని, కండె తన యిష్టము వచ్చినట్లు తిరుగును; అది మాకు సమ్మతము కాదు.

ఇఁక బిగువు. తడిగుడ్డను మడిచి, త్రాటిని దాని నడుమఁ బోనిచ్చి రెండు వ్రేళ్లతో నొత్తి పట్టవలెను. వట్టివ్రేళ్లతోఁ బట్టినచోఁ జర్మము కోసికొనిపోవును. నైలాను సాగు గుణము కలది. మిక్కిలి బిగించి చుట్టినచో మరలఁ గుదించుకొనుచుఁ గండెనే నొక్కి పగులఁగొట్టఁగలదు. దానికి మధ్యమమైన బిగువు చాలును. అల్లికత్రాడు సాగదు, సన్నము, నునుపు. దానిని గట్టిగానే చుట్టవలెను. నున్నని యిరుసుపై నది మొత్తముగా జాఱి తిరుగును గావున ముందు కొన్ని చుట్లు నైలాను చుట్టి, దాని కొనకు అల్లికత్రాటిని ముడివేయవలెను. ఖరీదైన త్రాడు నూటయేఁబది మీటర్లే కొని, అడుగున బాగుగా నున్న పాఁత నైలానును నింపుట పేదవారికి మంచి యుపాయము.

అడుగున నెంత నింపవలెనో తెలియుటకొక చమత్కారము కలదు. క్రొత్తదానిని ముందు చుట్టి, దానిపైఁ బాఁతదానిని నిండువఱకుఁ జుట్టి కోయవలెను. పిదప నంతయు విప్పి తలక్రిందులుగాఁ జుట్టవలెను. ఇందుకు రెండు ఖాళీకండెలు కావలెను. కదలని కండెరీలునకు అంచునకు రెండు మూఁడు మిల్లీమీటర్లు తక్కువగా నింపుట మర్యాద. అంతకు మించినచోఁ జుట్లు గుంపుగా జాఱి చిక్కుపడును. మిక్కిలి తగ్గినచో త్రాడు అంచునకు రాచుకొని, విసరు దగ్గఱపడును.

పరికరములలో బల్లకు బిగించునవి, స్ప్రింగుతో బిగువు నిలుపునవి యంగళ్లలోఁ గలవు. ఊరికొకటి చాలును. విద్యుత్తుతోఁ దిరుగు డ్రిల్లింగు యంత్రము పాఁతత్రాటిని విప్పుటకే మేలు; క్రొత్తదానిని జుట్టుటకు మే మొల్లము. దాని వేగమున బిగువు చేతికిఁ దెలియదు, రాపిడికి నైలాను వేఁడెక్కును. విప్పిన త్రాటిముక్కలను నీటఁ బాఱవేయఁ గూడదు. నూలుత్రాడు కుళ్లును గాని నైలాను బహుకాలము కుళ్లదు. శీతకాలాంతమున మన యొడ్డునకు గ్రుడ్లు పెట్టవచ్చు తాఁబేళ్లకు అది యురి యగును.

పోషకమహాశయులకు మా విన్నప మొక్కటియే. మన వసతిగృహమునకు బల్లపరికర మొకటి, ఈ విధానమును బొమ్మలతోఁ దెలుఁగున నచ్చొత్తించుటకుఁ గొంత ద్రవ్యము నొసంగవలెను. సాయంకాలము నాలుగు గంటలకుఁ దూర్పుపందిట రెండు తెగల రీళ్లకును జుట్టి చూపుదుము. రాఁదలఁచినవారు తమ రీలును, ఒక తడిగుడ్డను దెచ్చుకొనవలెను.