కానరాని నొప్పి – యుక్తాహార విహారములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

జమాఖర్చులు వ్రాసికొని బ్రతుకువాడను నేను. ఆరోగ్యమును గూర్చి మాటలాడ నాకేమి యధికారమని మీరు శంకింపవచ్చును. వైద్యము చెప్పుటకు నేను రాలేదు. ఈ గ్రంథాలయమే లేకున్నచో నా తప్పొకటి నాకు తెలియకయే యుండెడిది. దానిని మీ యెదుట నొప్పుకొని, దానివలన నేర్చినది నివేదించుటకే నిలిచితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట మా యింటి యిల్లాలికి మెడ, భుజములు, నడుము, తొడలు విడువక నొవ్వజొచ్చినవి. రాత్రి యెంతసేపు పండుకొన్నను, తెల్లవాఱి లేచునప్పటికి అసలు పండుకొననట్లే యుండెడిది. పొయ్యిమీద పాలు పెట్టి మఱచెడిది. పట్టణమున రక్తము పరీక్షించిరి, ఎక్స్‌రే తీసిరి, అన్నియు సరిగానే యున్నవనిరి. ఒక వైద్యుడు మనసు భ్రమయని పంపివేసెను. కాగితమున లేనిది లేదనుట నా వృత్తిలోని యలవాటు. నేనును “రిపోర్టులో ఏమియు లేదు గదా, లేచి పని చూచుకొనుము” అంటిని. ఆమె మాఱు పలుకలేదు. నాటినుండి నొప్పియని చెప్పుటయే మానివేసినది. నేను నయమైనదనుకొంటిని!

ఒకనాడు ఈ గ్రంథాలయమున ఆరోగ్యవిషయక గ్రంథమొకటి తిరుగవేయుచుండగా, ఆమె చెప్పిన మాటలే అచ్చులో కనబడినవి. సిగ్గుపడితిని. వేఱొక వైద్యునొద్దకు తీసికొనిపోగా, ఇది ఫైబ్రోమయాల్జియా యని ఆయన నిర్ణయించెను.

ఈ పదమున మూడు ముక్కలున్నవి: ఫైబ్రో యనగా నారవంటి కణజాలము, మై యనగా కండ, ఆల్జియా యనగా నొప్పి. 1904లో ఇంగ్లండు వైద్యుడు విలియం గోవర్స్ దీనివంటి బాధకు ఫైబ్రోసైటిస్ అని పేరిడెను. అనగా నారకండల వాపు. తరువాత పరీక్షింపగా వాపేదియు కానరాలేదు. కావున 1976లో ఇప్పటి పేరు వచ్చినది. 1990లో అమెరికా కీళ్లవైద్యుల సంఘము శరీరముపై 18 తావులను గుర్తించి, నొక్కినప్పుడు వానిలో 11 తావులైనను నొచ్చిన ఈ వ్యాధి యనెను. 2010 నుండి నొప్పి యెన్నిచోట్ల నున్నది, నిద్ర, అలసట, జ్ఞాపకము ఎట్లున్నవి యనునవియు విచారించుచున్నారు. మూడు నెలలకు తక్కువగాక ఉండుట ముఖ్యలక్షణము. నూటికి ఇద్దఱు మొదలు నలుగురివఱకు దీనిచే బాధపడుదురని అంచనా. వారిలో స్త్రీలే యధికము.

ఇందులో కీళ్లు వంకరపోవు, కండ చివుకదు. మఱి నొప్పి యెక్కడిది? నిజాంసాగరు కాలువ క్రింద సేద్యము చేయు మనకు తూము సంగతి తెలియును. తూము తలుపు దిగక నిలిచిపోయినచో, కొద్ది నీరు రావలసిన మడికి వెల్లువ వచ్చిపడును. అట్లే వెన్నుపాములోను మెదడులోను నొప్పిని మట్టుపెట్టు తలుపు సరిగా దిగక, చిన్న తాకిడియే పెద్దబాధయై తోచును. ఎక్స్‌రేలో ఈ తలుపు కనబడదు. కనబడనంతమాత్రమున బాధ అబద్ధము కాదు.

అయితే ఒక హెచ్చరిక. ఒళ్లునొప్పులన్నియు ఈ వ్యాధియే యని యెంచరాదు. రక్తహీనత, థైరాయిడు లోపము, డి విటమిను కొఱత, కీళ్లవాతము కూడ ఇట్లే బాధించును. నల్లగొండ జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు ఎందఱి యెముకలను వంచినదో మీరెఱుగుదురు. కావున మొదట వైద్యపరీక్ష, పిదప పథ్యము. పేరులేని పొట్లములలోని మందులు మ్రింగవలదు. వానిలో స్టెరాయిడులు కలిసియుండు ప్రమాదము కలదు.

చరకసంహిత ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యములను మూడు ఉపస్తంభములుగా చెప్పినది. భగవద్గీత ఆఱవ యధ్యాయమున, తిండి, విహారము, పని, నిద్ర మితముగా నున్నవానికి యోగము దుఃఖమును బాపునని యున్నది. మా యింట మేము చేసినదియు ఇంతే.

మొదట ఆహారము. ఈ వ్యాధిని రూపుమాపునని నిరూపితమైన పథ్యమేదియు లేదు. అట్టిది కలదని సొమ్మడుగువారిని నమ్మకుడు. కాని లోపములు తీర్చిన శరీరమునకు ఓర్పు పెరుగును. 1931లో నిజాంసాగరు పూర్తియైన పిదప మనకు వరి పెరిగినది, జొన్నరొట్టె వెనుకబడినది, కంచము నిండ తెల్లన్నము, అంచున కూర మిగిలినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో, 2000 క్యాలరీల దినభోజనమునకు ధాన్యము 250 గ్రాములు, కాయగూరలు ఆకుకూరలు 400 గ్రాములు, పప్పు, గుడ్డు, మాంసము వంటివి 85 గ్రాములు అని లెక్క చెప్పినది. కాయకష్టము హెచ్చినచో హెచ్చింపవలెను. మన పుంటికూర, గంగవాయిలికూర, మునగాకు, పెసర్లు, నువ్వులు, పల్లీలు, పెరుగు ఇందుకు చాలును.

ఇక చాయ. చక్కెర మనకు అన్నము పెట్టిన పంట. 1937లో స్థాపితమై 2015లో మూతబడిన బోధను కర్మాగారమునకు చెఱకు తోలిన బండ్లను నేనెఱుగుదును. అయినను లెక్క లెక్కయే. చాయకు రెండు చెంచాల చొప్పున ఆఱు చాయలకు 12 చెంచాలు. చెంచా 4 గ్రాములైన 48 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించిన ప్రకారము, వీలైనచో 25 గ్రాములకు లోబడుట మేలు. సాయంకాలపు చాయ నిద్రను గూడ చెఱచును. పసుపు మన జిల్లాకు కీర్తి. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదున వెలసినది. కూరలో పసుపు మంచిదే. కాని అది ఈ నొప్పికి మందని చెప్పుటకు తగిన నిదర్శనము లేదు.

రెండవది నిద్ర. 1975లో కెనడా వైద్యుడు హార్వే మోల్డాఫ్‌స్కీ ఆరోగ్యవంతులను కొందఱిని గాఢనిద్ర పట్టనీయకుండ చేయగా, కొలది రాత్రులకే వారికి ఒళ్లునొప్పులు వచ్చినవి. ఒకే వేళకు పండుకొని ఒకే వేళకు లేచుట, పడకచెంతకు సెల్‌ఫోను రానీయకుండుట మేలు.

మూడవది నడక. ఐరోపా వాతవ్యాధి వైద్యుల సంఘము 2017లో ప్రకటించిన సూచనలలో గట్టిగా సమర్థించినది వ్యాయామమును మాత్రమే. మా యిల్లాలు మొదట ఐదు నిమిషములే నడచినది. వారము వారమునకు కొంచెము పెంచినది. మొదట నొప్పి హెచ్చినట్లుండును, వెఱవరాదు.

నాలుగవది పని పంపకము. ఒంట్లో బాగున్ననాడు నాట్లు, బట్టలు, దంచుట అన్నియు ఒక్కనాడే తీర్చినచో మఱి మూడు దినములు మంచము పట్టవలసివచ్చును. అది అప్పు చేసి పండుగ చేసినట్లు. చాట ఒడిలో పెట్టుకొని దినమంతయు తలవంచి బీడీలు చేయు అక్కలారా! అరగంటకొకసారి లేచి భుజములు విప్పుకొనుడు. మేమొక నోటుపుస్తకమున నిద్ర, తిండి, నడక, నొప్పి దినదినము వ్రాసికొంటిమి. ఏ దినపు వ్యయము మఱునాటి బాధయైనదో అందు తెలిసినది.

నొప్పి పూర్తిగా పోయినదని చెప్పిన అసత్యమగును. వానముసురులో ఇప్పటికిని హెచ్చును. కాని ఆమె మరల కుట్టుపని పట్టినది. గుడికి నడచి పోవుచున్నది.

ఈ నాలుగింటికి ముందు మఱియొకటి కలదు. నేనొకనాడు పుస్తకముతో ఇంటికి వచ్చి, “నీ నొప్పి నిజమే, తప్పు నాది” అంటిని. ఆమె చాలసేపు ఏడ్చినది. నాటి రాత్రియే నొప్పి యెక్కడెక్కడ నున్నదో మరల చెప్పినది. నేనప్పుడు వినకున్నచో పై నాలుగును జరిగియుండెడివి కావు.

కావున పెద్దలారా, మీ యింట తల్లిగాని, భార్యగాని, కోడలుగాని ఒళ్లు నొచ్చుచున్నదనినచో, కాగితము చూచుటకు మునుపు ఆమె ముఖము చూడుడు. నా కన్నులు తెఱిపించిన ఈ గ్రంథాలయము మఱెందఱికో అట్టి మేలు చేయుచు వర్ధిల్లుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.