బడికి నేల



చిక్కపేటలో వర్తకము సాగించుకొనుచున్నను, కోలారు, పావగడ పల్లెలతో మనకు గల బంధుత్వము తెగలేదు. అచ్చట బడికి సొమ్ము చేకూరినను, స్థలము చేతికి రానిదే పునాది పడదు.

2013వ సంవత్సరపు భూసేకరణ చట్టమున తొలి ప్రకటన మొదలు తుది ప్రకటన వరకు 12 నెలలు, ఆపై పరిహార నిర్ణయమునకు మరి 12 నెలలు గడువు గలదు. పొడిగింపులును గలవు. ఒకటవ తరగతి బిడ్డ మూడవ తరగతికి వచ్చినను గోడ లేవదు.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లి సభలో వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబాజీకి 100 ఎకరములు ఇత్తునని పలికిరి. పల్లె బడికి ఒక్క ఎకరము చాలును. నోటిమాట మాత్రము చాలదు. కొలత వేయించి, అన్నదమ్ముల సమ్మతితో దానపత్రము రిజిస్టరు చేయింపవలెను. మనలో భూవసతి గలవారు అందులకు ముందునకు రావలెనని వేడుకొనుచున్నాము.