అతుకు దగ్గరే పగులు



కలకత్తాలో తెలుగువాళ్లం శాస్త్రం మాట్లాడుకోవడానికి కూర్చుంటే మొదట తలుచుకోవలసిన పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు గారిది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి 1941లో ఈ ఊరి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 2023లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. క్రామర్-రావు బౌండ్ పేరుతో లోకం ఆయన్ని గుర్తుపెట్టుకుంది. నేను ఇవాళ ఎత్తుకునేది 1947 నాటి మరో పని, ఆర్థోగొనల్ అర్రేలు. కంప్యూటర్ కెర్నెల్‌లో భద్రతా లోపాలను సరిచేయడం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. అక్కడికి ఇక్కడి నుంచే వెళ్లాలని నాకు గట్టిగా అనిపించింది.

ఒక యంత్రానికి పదకొండు మీటలున్నాయనుకోండి. ఒక్కొక్కటి వేసైనా ఉంటుంది, తీసైనా ఉంటుంది. అన్ని కలయికలూ చూడాలంటే 2048 సార్లు నడపాలి. సరైన పట్టిక వేసుకుంటే 12 సార్లు చాలు. ఏ రెండు మీటలు తీసుకున్నా వాటి నాలుగు కలయికలూ సమానంగా, మూడేసి సార్లు ఎదురవుతాయి. ఇలాంటి పట్టికలే ఆర్థోగొనల్ అర్రేలు. వాటికి ఒక సాధారణ సిద్ధాంతాన్ని రావుగారు ఇచ్చేనాటికి మన దేశంలో కంప్యూటరే లేదు. హెచ్‌ఈసీ-2ఎం అనే తొలి యంత్రం అదే సంస్థకు 1955లో వచ్చింది. 1980ల నుంచి ఈ పట్టికలను సాఫ్ట్‌వేర్ పరీక్షలకు వాడుతున్నారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరిశోధకులు సాఫ్ట్‌వేర్ వైఫల్యాలను జల్లెడపడితే, ఎక్కువ భాగం ఒకటి రెండు అంశాల వల్లే వచ్చాయని తేలింది. ఆరు అంశాలు దాటి కలిస్తేగాని బయటపడని లోపం వాళ్లకు కనిపించలేదు.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు నడిబొడ్డు. మెమరీ ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ ఫైలు ఎవరు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు అన్నది అదే తేలుస్తుంది. అక్కడ లోపముంటే పైన ఎన్ని పాస్‌వర్డులు పెట్టుకున్నా దండగే. మన ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి అడుగునా ఉన్న లినక్స్ కెర్నెల్ మూడు కోట్ల వరుసలు దాటింది. ఇంత పెద్ద పనిలో అత్యంత ప్రమాదకరమైన లోపాలకు ఒక మనిషి అజాగ్రత్త ఒక్కటే కారణమని నేను నమ్మను. విడిగా చూస్తే ఏ హానీ చేయని రెండు పనులు కలిసే అతుకు దగ్గర అవి పుడతాయి.

2022లో బయటపడ్డ డర్టీ పైప్ అనే లినక్స్ లోపం సంగతి చూడండి. జర్మనీలో మాక్స్ కెల్లర్‌మాన్ అనే ప్రోగ్రామర్ పనిచేసే హోస్టింగ్ సంస్థకు 2021 ఏప్రిల్‌లో ఒక ఫిర్యాదు వచ్చింది: దించుకున్న లాగ్ ఫైలు విప్పితే తెరుచుకోవడం లేదని. ఆయన ఆ ఒక్క ఫైలు బాగుచేసి ఇచ్చారు. కొన్నాళ్లకు మళ్లీ అదే ఫిర్యాదు, మళ్లీ మళ్లీ. అప్పుడు చెడిన ఫైళ్లన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ప్రతిదానిలోనూ చివరి ఎనిమిది బైట్లే పాడయ్యాయి. చెడినవి దాదాపుగా నెలాఖరు రోజువే. ఆ ఎనిమిది బైట్లు పీకే అన్న రెండక్షరాలతో మొదలవుతున్నాయి, అది జిప్ ఫైళ్ల గుర్తు. నెల మొత్తం లాగ్‌లను జిప్‌గా కట్టే ప్రోగ్రామ్, తాను రాయడానికి అనుమతే లేని ఫైలు మీద ఆ గుర్తు ముద్ర వేసిపోతోందన్నమాట! ఆ ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. తప్పు కెర్నెల్‌లో ఉంది.

2016లో ఒక మార్పు చేసినవారు పైపుల (ఒక ప్రోగ్రామ్ నుంచి మరోదానికి డేటా పంపే దారుల) వ్యవహారంలో ఫ్లాగ్స్ అనే గడిని శుభ్రం చేయకుండా వదిలేశారు. ఆ రోజుల్లో ఆ గడిలో ముఖ్యమైనదేదీ ఉండేది కాదు, కాబట్టి ఎవరికీ నష్టం లేదు. 2020లో, 5.8 వెర్షన్‌లో, మరొకరు కోడ్‌ను చక్కదిద్దుతూ ఒక ముఖ్యమైన అనుమతిని అదే గడిలోకి మార్చారు. ఆ పని విడిగా చూస్తే సరైనదే. రెండూ కలిసేసరికి, చదవడానికి మాత్రమే హక్కున్న మామూలు వాడుకరి ఏ సిస్టమ్ ఫైలునైనా తిరగరాసి యంత్రాన్ని చేతిలోకి తీసుకోగలిగే దారి ఏర్పడింది. సరిచేయడానికి రెండు చోట్ల ఒకే చిన్న వరుస చేర్చారు: ఫ్లాగ్స్‌ను సున్నా చేయమని. ఫిబ్రవరి 20న కెర్నెల్ భద్రతా బృందానికి కబురందింది, 23న సరిచేసిన వెర్షన్లు విడుదలయ్యాయి, మార్చి 7న లోకానికి చెప్పారు. దిద్దుబాటు మూడు రోజుల పని. దాని వెనక నెలల తరబడి చూపు ఉంది. ఆ చూపునే మన కాలేజీలు నేర్పడం లేదని నా బాధ.

2016లో దిద్దిన డర్టీ కౌ అనే మరో కెర్నెల్ లోపం అంతకంటే పాతది. దాన్ని 11 ఏళ్ల ముందే సరిచేయబోయానని, ఎస్390 అనే యంత్రాలతో చిక్కు వచ్చి ఆ మార్పు వెనక్కి పోయిందని లినక్స్ కర్త లినస్ టోర్వాల్డ్స్ దిద్దుబాటుతో పాటే రాసిపెట్టారు. అప్పట్లో ఊహకే పరిమితమైన ప్రమాదం, చుట్టూ కోడ్ మారేకొద్దీ చేతికందేదిగా మారింది. లోపం ఉన్నచోటే ఉంది, దాని పక్కవాళ్లు మారారు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూల్చిన అక్షరం తెలుగుదే. జ, పొల్లు గుర్తు, ఞ, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆ తరువాత దీర్ఘం. ఈ ఐదూ ఈ వరుసలో వస్తే, సందేశం తెరిచిన యాప్ కూలిపోయేది. ఇది కెర్నెల్‌లోది కాదు, అక్షరాలు గీసే భాగంలోది. కానీ ఇదీ అతుకు దగ్గరి పగులే: అక్షరాల కలయికలో మెమరీ చెడడం. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వెర్షన్‌తో సరిచేసింది. ఆ రోజుల్లో పత్రికలు దీన్ని తెలుగు అక్షరం చేసిన అల్లరిగా రాశాయి. నాకు అది నచ్చలేదు. నేరం అక్షరానిది కాదు, ఆ కలయిక వస్తుందని ఊహించని పరీక్షలది. పైగా అదే అమరికలో కొన్ని బెంగాలీ, దేవనాగరి కలయికలూ ఫోన్లను కూల్చాయి. ఈ ఊళ్లో మన పొరుగువారి లిపీ మనదీ ఒకే దెబ్బ తిన్నాయి. ఐదింటిలో దేన్ని విడిగా పరీక్షించినా లోపం దొరకదు. రెండేసి చొప్పున చూసినా దొరకదు. ఐదూ కలిపి చూసే పట్టిక కావాలి. రావుగారి పట్టికలకు సరిగ్గా అలాంటి శక్తి ఉంది.

మూడు కోట్ల వరుసలకు పట్టికలు వేయడం సాధ్యం కాదు, ఒప్పుకుంటాను. అందుకే గూగుల్ ఇంజనీర్లు సిజ్‌కాలర్ అనే సాధనం కట్టారు, అది రాత్రింబవళ్లు సిస్టమ్ కాల్స్‌ను, అంటే ప్రోగ్రాములు కెర్నెల్‌కు చేసే విన్నపాలను, రకరకాలుగా కలిపి కెర్నెల్ మీదికి వదులుతుంది. వేలకొద్దీ బగ్గులు పట్టింది. పట్టినదాన్ని చదివి, కారణం తేల్చి, ప్యాచ్ రాసే మనుషులే తక్కువ.

ప్యాచ్ రాసినా పని పూర్తయినట్టు కాదు. కెర్నెల్‌లో చేరిన దిద్దుబాటు చిప్ తయారీదారును, ఫోన్ కంపెనీని దాటి రావాలి. ఈ ఊరి చాందినీ చౌక్‌లో పాత ఫోన్ కొనుక్కునే కుర్రాడికి అది చేరదు, ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఎప్పుడో ఆపేసి ఉంటారు. ఎన్నేళ్లపాటు అప్‌డేట్లు ఇస్తారో పెట్టె మీద తేదీతో అచ్చువేయాలని చట్టమే అడగాలి. పేదవాడి ఫోన్‌లోనూ బ్యాంకు ఖాతా ఉంది.

ఈ సదస్సు నుంచి నేను కోరేవి రెండు. కెర్నెల్‌లో జరిగిన ఒక్కొక్క దిద్దుబాటునూ, డర్టీ పైప్‌తో మొదలుపెట్టి, మొదటి ఫిర్యాదు నుంచి చివరి వరుస దాకా తెలుగులో వివరించే వ్యాసాలు రావాలి. రెండోది, తెలుగు, బెంగాలీ సంయుక్తాక్షరాలకు ఆర్థోగొనల్ అర్రేల పద్ధతిలో ఒక పరీక్షల పట్టిక: మొదటి హల్లు, రెండో హల్లు, గుణింతం, కనబడని కోడ్‌లు, ఒక్కొక్కటి ఒక నిలువు వరుసగా. అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్ రాసేవారందరికీ దాన్ని ఉచితంగా పంపాలి. ఆ ముసాయిదా మధ్యాహ్నం గోష్ఠిలోనే మొదలుపెడదాం. బెంగాలీ లిపి బాగా తెలిసినవారు ఇద్దరైనా ఆ బల్ల దగ్గర కూర్చోవాలని మనవి.